మా మనవడి జల్లెడ

జల్లెడ లేని ఇల్లు మా అనంతపురం జిల్లాలో వుంటుందని నేననుకోను. శనక్కాయలు ఒలిచి గింజ తీసే కాలం వచ్చిందంటే ఆడవాళ్ళ చేతుల్లో చేట, జల్లెడ తప్ప మరొకటి కనబడదు. పెద్ద గింజ పైన నిలుస్తుంది; అది విత్తనానికి. చిన్న గింజ, నొక్కుడు గింజ, మట్టి కిందికి రాలతాయి. అలా రాలినవాటిని మాత్రం ఎవరూ పారబొయ్యరు. మళ్ళీ చెరిగి, ఏరి, చట్నీకో గానుగకో ఆఖరికి కోళ్ళకో వాడుకుంటారు. జల్లెడ పట్టడమంటే వేరు చెయ్యడమే గాని లేకుండా చెయ్యడం కాదని మా వైపు చదువురాని అవ్వలకు కూడా తెలుసు.

ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్ళు కంప్యూటరు ముందు కూర్చోగానే ఎందుకు మరిచిపోతారా అని ఆ మధ్య నాకు అనుమానం కలిగింది. ఆ అనుమానం పుట్టించినవాడు మా మనవడు.

మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. చదువు ఎంతవరకు సాగుతున్నదో వాడికీ ఆ భగవంతుడికీ తెలియాలి గాని, రాత్రి పదకొండు దాటినా వాడి గదిలో దీపం ఆరదు. పాఠాలు వల్లిస్తున్నాడు కాబోలునని మా ఆవిడ పాలు కాచి పట్టుకెళ్ళి ఇస్తూ వుండేది. కొన్నాళ్ళకు తెలిసింది, అది పాఠం కాదు, ఆట అని. ఇంకొన్నాళ్ళకు తెలిసింది, ఆట ఆడటం కూడా కాదు, ఆటను విప్పి మళ్ళీ కుట్టే పని అని.

“ఒరే, ఎవరో చేసిన ఆటను నువ్వు విప్పడమేమిట్రా? వాళ్ళు కేసు పెట్టరూ?” అన్నాను.

“వాళ్ళే విప్పుకోమని పనిముట్లు ఇచ్చారు తాతా” అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. ఆ ఆట పేరు స్కైరిమ్. అమెరికాలో బెథెస్డా అనే కంపెనీ 2011 నవంబరు 11న విడుదల చేసింది. మంచు కొండలు, కోటలు, గాలిలో ఎగిరే మహాసర్పాలు - మన జానపద చిత్రాల సరంజామా అంతా వుంది. ఆట వచ్చిన మూడు నెలలకు, 2012 ఫిబ్రవరిలో, దాన్ని మార్చుకునే పనిముట్టును కూడా ఆ కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. దాని పేరు క్రియేషన్ కిట్. అది గాక, ఆట మీద మమకారమున్నవాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న పనిముట్టు మరొకటి వుంది; ఎక్స్‌ఎడిట్ అంటారు. ఎల్మిన్‌స్టర్ అనే మారుపేరు పెట్టుకున్న ఆయన మొదలుపెట్టాడట. మా వాడి రాత్రులన్నీ దాంతోనే తెల్లవారేవి.

వాడి సంకల్పమేమిటో వింటే మీరు నవ్వుతారు. ఆ మంచు దేశంలో ఒక మూల మా అనంతపురం పల్లె ఒకటి నిలబెట్టాలట! ఎర్రమట్టి చేను, గుండ్రాళ్ళ గుట్ట, నీళ్ళు లేని బావి, బావి పక్కన వేపచెట్టు. మంచులో వేపచెట్టు ఎట్లా బతుకుతుందిరా అంటే, “మంచులో బతుకుతుంది తాతా, కరువులోనే బతకదు” అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తోచలేదు.

నేను ముప్పైయేళ్ళు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. ఎవరైనా శ్రద్ధగా ఏ పనైనా చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకు అలవాటు. అలా చూస్తూ చూస్తూ నాకు అర్థమైనంతలో చెబుతాను.

మన కంటికి కనబడే ఆ ఆటంతా నిజానికి ఒక పెద్ద దఫ్తరం. అందులో లక్షల రికార్డులు. కత్తి ఒక రికార్డు, కత్తి పట్టుకున్నవాడు ఒక రికార్డు, వాడు పలికే మాట ఒక రికార్డు. తలుపు ఒకటి, తలుపుకు తాళం వున్నదా లేదా అన్నది అందులో ఒక గడి. ప్రతి రికార్డుకూ ఎనిమిది స్థానాల నెంబరు. మన సర్వే నెంబరు లాగే. ఏ జాతి రికార్డో తెలియడానికి నాలుగక్షరాల గుర్తు. ఒక కత్తికి ‘డబ్ల్యు, ఇ, ఎ, పి’, వాతావరణానికి ‘డబ్ల్యు, టి, హెచ్, ఆర్’ - ఈ తీరున.

ఇన్ని లక్షల్లో మనకు కావలసిన పది రికార్డులు ఎట్లా దొరకాలి? అందుకే ఫిల్టరు. అంటే మన జల్లెడే. మీట నొక్కగానే పెద్ద పట్టిక తెరుచుకుంటుంది. ఏ జాతివి కావాలి? ఏ పేరు గలవి కావాలి? ఒకదానితో ఒకటి తగువు పడుతున్నవి మాత్రమే కావాలా? తొలగించినట్లు గుర్తుపెట్టినవి కావాలా? కావలసినచోట టిక్కు పెట్టి వదిలితే, మిషను కాసేపు గింజుకుని, మిగిలినవాటిని కంటికి కనబడకుండా పక్కకు నెట్టి, అడిగినవాటినే ముందు పెడుతుంది.

ఇందులో ఒక కిటుకు వుంది. నాలుగు షరతులకు టిక్కు పెడితే నాలుగూ తీరిన రికార్డే కనబడుతుంది. మూడు తీరినా లాభం లేదు. ఈ కిటుకు మా ఆవిడ నాకంటె ముందే గ్రహించింది. కారణం, మా చెల్లెలి కూతురికి సంబంధాలు చూసినన్నాళ్ళూ ఆ ఇంటర్నెట్టు పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర కూర్చున్నది ఆవిడే. శాఖ కుదరాలి, గోత్రం వేరు కావాలి, నక్షత్రం పొసగాలి, పిల్లవాడు బెంగుళూరులో వుండాలి, అయిదడుగుల ఎనిమిదంగుళాలకు తగ్గకూడదు, జీతం ఇంతకు తగ్గకూడదు. అన్నిటికీ టిక్కు పెట్టి నొక్కితే, దేశంలో ఒక్క మగపిల్లవాడూ లేడని వచ్చింది. “దేశంలో పిల్లలు లేకపోవడం కాదే, నీ జల్లెడకు చిల్లులు లేవు” అన్నాను. ఎత్తు షరతు తీసేశాక దొరికిన కుర్రాడే ఇప్పుడు మా ఇంటి అల్లుడు. బంగారం లాంటి పిల్లవాడు, అయిదడుగుల ఆరంగుళాలు.

మళ్ళీ మనవడి దగ్గరికి వద్దాం. ఒకనాడు వాడు వాతావరణాల రికార్డుల్ని మాత్రమే జల్లించి చూస్తున్నాడు. ఆ ఆటలో వాన కూడా ఒక రికార్డేనండీ! ఎండ ఒకటి, మబ్బు ఒకటి, మంచు ఒకటి. వాటి పైన ‘శీతోష్ణస్థితి’ అని ఇంకొక రికార్డు; అందులో ఏ వాతావరణానికి నూటికి ఎంత అవకాశమో అంకెలు వేసి వుంటాయి. మావాడు తన పల్లెకు వాన అవకాశం తగ్గిస్తూ కూర్చున్నాడు.

“ఉన్న వాన తగ్గించేవాణ్ణి నిన్నే చూశానురా” అన్నాను.

“మన జిల్లా సగటెంత తాతా?” అన్నాడు.

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అడ్డుకుని మిగిలింది మాకు పంపుతాయి. తూర్పు తీరం దూరం కనుక ఈశాన్య ఋతుపవనాల తుపాను మేఘాలు కూడా మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఇదంతా చెప్పి, ఒక మాట కూడా చెప్పాను. సగటు కూడా ఒక జల్లెడే. జూన్‌లో ఒక పదునువాన పడుతుంది. రైతు విత్తనం వేస్తాడు. తర్వాత ఆగస్టులో నలభై రోజులు ఆకాశం కళ్ళు మూసుకుంటుంది. పూత రాలిపోయి, ఊడ భూమిలోకి దిగక, చెట్టు మాడిపోయాక సెప్టెంబరు ఆఖర్న నాలుగు రోజులు కుండపోత. ఏడాది చివర లెక్క చూస్తే 550 సరిగ్గా వచ్చే వుంటుంది! సగటు సరిపోయింది, పంట పోయింది. ఆ నలభై రోజులూ ఆ అంకె కింద ఎక్కడో రాలిపోయాయి. మావాడు కాసేపు ఆలోచించి, తన పల్లెకు వాన శాతం ఒక్కటే రాస్తే చాలదని తెలుసుకుని, మరేదో పుస్తకం తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు. ఆ మాత్రానికే నాకు సంతోషం వేసింది.

ఇక అసలు కథ.

ఈ మార్పుల వ్యవహారంలో పద్ధతి ఏమిటంటే, కంపెనీ ఇచ్చిన మూలాన్ని ఎవరూ చెరపరు. మార్చదలచిన రికార్డుకు ఒక నకలు రాసి, అందులో మార్పు చేసి, మూలం మీద అంటించిన చీటీ లాగ పైన పెడతారు. పదిమంది పది చీటీలు అంటించవచ్చు. ఆటలో అందరికంటె ఆఖర్న అంటించినవాడి మాట చెల్లుతుంది. ఎక్స్‌ఎడిట్‌లో ఇవన్నీ పక్కపక్క గడుల్లో కనబడతాయి: ఎడమ చివర మూలం, కుడి చివర నెగ్గినవాడు. తగువు లేనిచోట ఆకుపచ్చ, తగువు లేకుండా మార్పు మాత్రమే జరిగినచోట పసుపు, తగువు వున్నచోట ఎరుపు. ఏ మార్పూ లేకుండా మూలానికి మక్కికి మక్కి నకలుగా వున్న చీటీకి బూడిదరంగు అక్షరాలు. ఇట్టివి అనవసరమనీ, ఫిల్టరు పెట్టి ఏరి తీసెయ్యవచ్చుననీ వాళ్ళ సంప్రదాయం. ఇంట్లో పాత పేపర్లు అమ్మేసినట్లన్నమాట.

మావాడు ఒక ఆదివారం ఈ శుభ్రం చేసే పని పెట్టుకున్నాడు. తన పల్లె ఒక్కదాన్నే, మూలంతోపాటు, తెరిచాడు. బూడిదరంగు రికార్డుల్ని ఫిల్టరుతో పైకి తెచ్చి, అన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేశాడు. సాయంత్రం ఆట మొదలుపెట్టి చూస్తే, పల్లెలోని సత్రం తలుపుకు తాళం పడి వుంది. పెట్టినవాడెవడో తెలియదు. జనమంతా మంచులో బయట నిలబడి తలుపుకేసి చూస్తున్నారు. కథానాయకుడు కూడా వాళ్ళలోనే వున్నాడు.

రెండు రాత్రులు పట్టింది కారణం దొరకడానికి. వాడు తెచ్చుకున్న మరొక మార్పుల కట్టలో ఎవరో ఆ తలుపుకు తాళం వేశారు. ఆ తాళం తీయడానికి మావాడే చాలా రోజుల కిందట మూలంలోని రికార్డును ఉన్నదున్నట్లు మళ్ళీ నకలు రాసి అన్నిటికంటె పైన పెట్టాడు. అది మూలానికి అచ్చంగా సమానమే. ఒంటరిగా చూస్తే దండగ నకలు లాగే కనబడుతుంది. కాని పదిమంది మధ్య అది చేస్తున్న పని తాళం తీసి వుంచడం! తన పల్లె ఒక్కదాన్నే తెరిచి చూశాడు కనుక ఆ సంగతి ఫిల్టరుకు కనబడే దారి లేకపోయింది.

“ఫిల్టరు అబద్ధం చెప్పలేదు తాతా. నేనడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పింది. నేనడిగిందే సగం ప్రశ్న” అన్నాడు.

ఇరవైయేళ్ళ కుర్రవాడి నోట ఆ మాట విని నేను కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే మా పొలం సంగతి ఒకటి నా గుండెల మీద కూర్చుని వుంది.

మాకు కళ్యాణదుర్గం దారిలో ఆరెకరాల మెట్ట వుంది; నాన్నగారినుంచి వచ్చింది. నేను బడిపనిలో పడ్డాక ఆ చేను ఒక కుటుంబంవారు గుత్తకు చేస్తున్నారు. మా వైపు గుత్త అంటాం, కాగితాల్లో కౌలు. మొదట తండ్రి, ఇప్పుడు కొడుకు. మాటే తప్ప కాగితం లేదు. ఒక కరువు ఏడాది పంట నిలువునా ఎండిపోయింది. పంట పోయినవారికి పెట్టుబడి రాయితీ ఇస్తున్నారని జాబితా వచ్చింది. ఒక సాయంకాలం ఆయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“జాబితాలో మీ పేరుందంట అయివారూ. నా పేరు యాడా లేదంట.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకదే ఎక్కువ బాధగా వుండింది. విత్తనం ఆయనది, ఎరువు ఆయనది, అప్పు ఆయనది, ఎండినది ఆయన చెమట, పేరు నాది.

ఇది ఏ ఒక్కరి దౌష్ట్యమూ కాదు. ఆలోచిస్తే ఇది కూడా జల్లెడ కథే. మన భూముల లెక్కల చరిత్ర చిన్నది కాదు. 1800లో నైజాము ఈ సీమను కుంఫిణీవారికి ధారాదత్తం చేశాక, 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరుగా వున్న థామస్ మన్రో చేను చేనుకూ కొలత వేయించి, రైతువారీ లెక్కలు రాయించాడు. తర్వాత ఊరూరా కరణంగారి అడంగల్. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. 2015లో మీభూమి అని ఆ లెక్కలు కంప్యూటరుకెక్కాయి. చేతులు మారినా గడులు మారలేదు. అడంగల్‌లో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు మరొక గడి వుంటాయి. మా చేను లెక్కలో రెండు గడుల్లోనూ నా పేరే! కౌలు కాగితమే లేనప్పుడు మరొకరి పేరు ఎక్కడినుంచి వస్తుంది? ‘ఈ ఊళ్ళో భూమి ఎవరిది?’ అని జల్లించినా నేనే వస్తాను. ‘ఈ ఊళ్ళో పంట పోయినవారెవరు?’ అని జల్లించినా నేనే వస్తాను. రెండో జవాబు ఎంత తప్పో మా అరుగుకు తెలుసు గాని కంప్యూటరుకు ఎట్లా తెలుస్తుంది?

డబ్బు నా ఖాతాలో పడిన రోజే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. అది పెద్ద విశేషం కాదు. ఆయన సొమ్ము ఆయనకిచ్చాను. కాని అంతటితో తీరేది కాదే. పంట అప్పు వుంది, బీమా వుంది, విత్తనాల సబ్సిడీ వుంది. ప్రతిదానికీ ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చోవలసిందేనా? రేపు నేను పోతే ఎవరి అరుగు మీద కూర్చోవాలి?

2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూమిగల వ్యక్తి, సాగుచేసే వ్యక్తి కలిసి పదకొండు నెలలకు ఒప్పందం మీద సంతకాలు చేస్తే సాగుదారుకు ఒక కార్డు ఇస్తారు. దాంతో పంట మీద వచ్చే మేళ్ళు సాగుచేసినవాడికి అందాలని ఉద్దేశం. భూమి మీది హక్కు మాత్రం యజమానిదే. ఆ మర్నాటి సీజనుకు ముందు ఆయన కాగితం పట్టుకొచ్చాడు. “మీకిష్టమైతేనే అయివారూ” అన్నాడు.

మా ఇంట్లో గాలివాన లేచింది. బెంగుళూరునుంచి మా తమ్ముడు ఫోను చేసి, “అన్నా, సంతకం మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి వాళ్ళ పేరు రికార్డులో ఎక్కిందంటే చేను మనది కాదు” అన్నాడు. వాడి భయం వాడు పుట్టించినది కాదు. 1956 నాటి కౌలుదారీ చట్టం వచ్చినప్పటినుంచీ భూమిగలవాళ్ళ ఇళ్ళలో పెద్దలు పిల్లలకు అప్పగిస్తూ వచ్చిన భయం. మా ఆవిడ మంచిదే గాని, “ఆయన మంచివాడే. ఆయన కొడుకులు ఎట్లాంటివాళ్ళో” అని నసిగింది. ఆరెకరాల మెట్టే మా పిల్లలకు మేము చూపించగల ఆస్తి. ఆవిడ భయాన్ని నేను తీసిపారెయ్యలేను.

అప్పుడు మావాడు ఊరుకోక, వాళ్ళ నాయనమ్మను తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

“చూడు నాయనమ్మా. ఈ ఎడమ గడి మూలం. దీని మీద నేనొక చీటీ అంటించాను. బావికి నీళ్ళు లేవని రాశాను. ఇప్పుడా చీటీ తీసేస్తా. చూశావా? మూలం ఎట్లుండేదో అట్లే వుంది. ఒక్క అక్షరం మారలేదు. తాత పెట్టే సంతకం కూడా ఇట్లాంటి చీటీయే. పదకొండు నెలలకు దానంతటదే వూడిపోతుంది. పట్టా గడిని అది తాకనే తాకదు.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. “అయితే ఆ చీటీ వున్నన్నాళ్ళూ చీటీ మాటే చెల్లుతుందన్నావు గదరా?” అని అడిగింది. చూశారా, ముప్పైయేళ్ళు పంతులుగా చేసిన నాకు తట్టని ప్రశ్న!

నేను కల్పించుకుని చెప్పాను. ఆటకూ చేనుకూ తేడా అక్కడే వుంది. ఆటలో ఆఖరి చీటీ ఒక్కటే నెగ్గుతుంది. చేనులో రెండు గడులూ ఏకకాలంలో నిజమే. భూమి ఎవరిదంటే పట్టా గడి చెబుతుంది. పంట ఎవరిదంటే సాగు గడి చెబుతుంది. ప్రశ్నలు రెండు కనుక జవాబులు రెండు. వాటికి తగువే లేదు. ఇన్నాళ్ళూ రెండో ప్రశ్నకు కూడా మొదటి గడినుంచే జవాబు తీసుకోవడం వల్ల వచ్చింది ఈ చిక్కంతా.

“అట్లయితే పెట్టండి” అన్నది మా ఆవిడ. గ్రామ సచివాలయానికి వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. మా తమ్ముడు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నాలుగో నెలలో వాళ్ళబ్బాయికి ఉద్యోగమొచ్చిందని చెప్పడానికి ఫోను చేశాడు. ఆ తర్వాత పొలం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆ సీజను పంట నమోదులో సాగుదారుగా ఆయన పేరు పడింది. అంతటితో కష్టాలన్నీ తీరాయని చెప్పను. బ్యాంకులో అప్పు అడిగితే, కార్డు వుంటే సరిపోదు, ఇంకేదో హామీ కావాలన్నారట. వాన కూడా ఆ ఏడు అంతంత మాత్రమే. కాని ఆ సాయంత్రం ఆయన తన పేరున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను చూడనట్లే వున్నాను. “మీ నాయన ఉండుంటే చూసేవాడు” అని మాత్రం అన్నాను. “అవు అయివారూ” అని లేచి వెళ్ళిపోయాడు.

పాఠకులకు ఒక్క విన్నపం. ఇప్పుడు మన ఇళ్ళలో జల్లెడ పట్టనిది ఏదీ లేదు. సంబంధాలు జల్లెడలోనే చూస్తున్నాం, ఉద్యోగాలు జల్లెడలోనే వెతుకుతున్నాం, సాయం అందవలసినవాళ్ళ పేర్లు జల్లెడలోనుంచే వస్తున్నాయి. జల్లెడ లేకుండా లక్షల రికార్డుల్లో ఎవరమూ బతకలేం. దాన్ని తిట్టి లాభం లేదు. మావాడు తాళం పడ్డ సత్రం దగ్గర నేర్చుకున్న అలవాట్లు మాత్రం మూడున్నాయి. ఫిల్టరు పెట్టేముందు, తాను దేన్ని వెతుకుతున్నాడో ఒక కాగితం మీద రాసుకుంటాడు. ఏ ఏ షరతులకు టిక్కు పెట్టాడో దాని కింద రాసుకుంటాడు. దేన్నైనా తుడిచేముందు ఫిల్టరు తీసేసి, అన్ని కట్టలనూ కలిపి తెరిచి, మరొక్కసారి చూస్తాడు. మూడోది కొంచెం విసుగు పని. కాని సత్రం బయట మంచులో నిలబడ్డవాళ్ళ మొహాలు చూశాక ఆ విసుగు వాడికి లెక్కలేదు.

వాడి పల్లె పూర్తి కావస్తున్నది. మొన్న ఒకరాత్రి నా గదిలోకి వచ్చి, “తాతా, ఈ ఆటలో చేనుకు యజమాని గడి ఒక్కటే వుంది. సాగుదారు గడి లేనే లేదు. ఎట్లా?” అని అడిగాడు.

“అమెరికావాళ్ళకు గుత్త సంగతి ఏం తెలుసురా” అన్నాను.

వాడు వెళ్ళి మళ్ళీ దఫ్తరమంతా జల్లించాడు. గంట తర్వాత కేకేశాడు. ఆ గడిలో మనిషి పేరే రాయాలని లేదట. ఒక బృందం పేరైనా రాయవచ్చునట. ఇద్దరు మనుషులతో ఒక చిన్న బృందం కట్టి, దాని పేరు ఆ గడిలో రాసి, ఇద్దర్నీ బావిగట్టున వేపచెట్టు కింద నిలబెట్టాడు. ఒకడి తలకు పాగా, ఇంకొకడి ముక్కుకు కళ్ళజోడు. ఆ ఆటలో కళ్ళజోడు లేదట. దానికోసం మళ్ళీ రెండు రాత్రులు మేలుకున్నాడు. ఈసారి పాలు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.